గోరి మీద పచ్చి కొమ్మల గుడిసె

మా అత్త సుంకమ్మకు చిన్నప్పుడు ఊళ్లో ఉన్న పేరు కరిచే పిల్ల. ఊరికే కరిచేది కాదు. వాళ్లమ్మను ఎవరైనా ఒక మాట అంటే వాళ్లను కరిచేది. కాకపోతే వాళ్లమ్మను అననివాళ్లు ఆ ఊళ్లో తక్కువ కాబట్టి, ఆమె ఈడువాళ్లలో పంటి గాటు లేని చెయ్యి కూడా తక్కువే. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఊరికి పోతే, నెరిసిన మీసాలాయన ఒకడు మోచెయ్యి ముందుకు చాపి, "ఇది మీ అత్త ఏసిన ముద్దరమ్మా" అన్నాడు. ఆయన ముఖంలో కోపమేమీ లేదు, కాస్త గొప్పగానే చెప్పుకున్నాడు. మా అత్త పక్కనే నిలబడి ఉంది. "ఇంకా గట్టిగా కరసల్సింది" అంది.

ఆ ఊరు కళ్యాణదుర్గం తాలూకాలో ఒక మూల. ఎర్రనేల, రాతిగుండ్లు, శనక్కాయ, గొర్రెలు. వాన పడితే నవ్వుతుంది, పడకపోతే ఎవరి మీద పడి ఏడవాలా అని చుట్టూ చూస్తుంది. నా పుట్టిల్లు కూడా అలాంటి ఊరే గనక ఈ మాట అనే హక్కు నాకుంది.

వాళ్లమ్మ పేరు నల్లమ్మ. గంజి కేంద్రాలు పెట్టిన కరువులో, సుంకమ్మకు అప్పటికి ఆరేడేళ్లు, నల్లమ్మ పెదవి అంచున తెల్లమచ్చ ఒకటి పడింది. తర్వాత వేళ్ల మీద, ఆ తర్వాత మెడ మీద. దాన్ని మా వైపు తొన్ను అంటారు. నొప్పి ఉండదు, దురద ఉండదు, పక్కవాళ్లకు అంటదు. ఇప్పుడైతే ఏ డాక్టరైనా చెబుతాడు. అప్పుడు చెప్పేవాళ్లు లేరు, చెప్పినా ఆ ఊరు వినేది కాదు.

మచ్చ కనబడిన నాటి నుంచి నల్లమ్మ బావి దగ్గర అందరూ చేదుకున్నాకే చేదుకోవాలి. విత్తనాలకు శనక్కాయలు వలిచే పనికి పిలవడం మానేశారు, ఆ చెయ్యి తాకిన గింజ మొలవదని. ఆమె పెట్టిన సంగటి ఎవరూ ముట్టరు. అందుకే సుంకమ్మ పనిగట్టుకుని, అమ్మ చేత్తో చేసిన రాగిముద్దను అరచేతిలో పెట్టుకుని, నడివీధిలో నిలబడి తినేది. ఎవరైనా మూతి తిప్పితే ఇంకో ముద్ద అడుక్కొచ్చుకుని వాళ్ల గడప ముందే తినేది.

"గమ్మునుండు పాపా. ఈ ఊర్లోనే బతకల్ల గదా మనము" అనేది నల్లమ్మ. ఎవరేమన్నా తల వంచుకుని పక్కకు జరిగే మనిషి ఆమె. మా అత్తకు వాళ్లమ్మ అంటే ప్రాణం, ఆ ఓర్పు అంటే మాత్రం ఒళ్లుమంట. ఎన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. "మాయమ్మ ఒక్కసారి ఎదురు తిరిగింటే నాకు ఇన్ని పండ్లు అరిగిపోయేటివి కాదు" అంటుంది.

నల్లమ్మ పోయింది తొన్నుతో కాదు, విషజ్వరంతో. సుంకమ్మకు పన్నెండో పదమూడో. ఆ ఏడు వాన బాగా పడింది. చేలల్లో శనక్కాయ పెరికే రోజులు, ఎవరికీ చేతులు ఖాళీ లేవు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తొన్ను ఉన్నవాళ్లు చచ్చిపోతే పూడ్చకూడదు, కాల్చాలి అని ఆ వైపు ఒక నమ్మకం. పూడిస్తే ఆ ఒంటిని భూమి అరిగించుకోదట, మేఘం ఆ ఊరి పొలిమేర దాటి లోపలికి రాదట. అయితే ఆ ఏడు మేఘం ముందే వచ్చి కురిసి పోయింది గనక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఊరి పెద్ద శ్రీరంగప్పే, "నీ సేన్లోనే ఒక పక్కన పూడ్సుకో ఈరన్నా, తొందరగా కానీ" అని తన కాయ చూసుకోవడానికి పోయాడు. ఈరన్న అంటే సుంకమ్మ నాయన. ఆయన, ఇంకో ఇద్దరు కలిసి చేను గట్టు పక్కన గుంత తవ్వి పూడ్చారు. ముఖం మీద మొదటి పిడికెడు మన్ను సుంకమ్మ చేతే వేయించారు. వాన పడిన ఏడు ఎవరికీ తొన్ను గుర్తు రాదు.

మరుసటేడు వాన లేదు. కప్పలకు పెండ్లి చేశారు. ఆ మీది ఏడూ లేదు. దేవుడి గుళ్లో లింగం మునిగేదాకా నీళ్లు పోశారు, ఉన్న నీళ్లు అయిపోయాయి. బావిలో చేదకు బురద వస్తోంది. గొర్రెలను తోలుకుని సగం ఊరు వలసపోయింది. మిగిలిన సగానికి, ఇక ఏ దేవుడి దగ్గరికి పోవాలో తెలియనప్పుడు, నల్లమ్మ గుర్తొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సుంకమ్మ ఈడేరింది.

పక్క ఊరి నుంచి మేనమామ తిమ్మన్న వచ్చాడు. ఈడేరిన పిల్లకు పచ్చి కొమ్మల గుడిసె కట్టాల్సింది మేనమామే, అది అతని హక్కు, అతని పని. ఆ కరువులో పచ్చి ఆకు ఎక్కడ దొరుకుతుంది? వంక వెంబడి పొద్దంతా తిరిగి నాలుగు కానుగ కొమ్మలు, రెండు మేడి కొమ్మలు నరుక్కొచ్చి ఇంటి ముందు గుడిసె వేశాడు. చచ్చిపోయిన అక్క కూతురని కొబ్బరి గిన్నె, బెల్లం అచ్చు కూడా తెచ్చాడు. సుంకమ్మను అందులో కూర్చోబెట్టారు. గాలి సోకకుండా పక్కన ఇనుప కొడవలి పెట్టారు. తలంటు రోజు వచ్చేదాకా ఆమె గుడిసె దాటకూడదు, మగవాళ్ల కళ్ల పడకూడదు. ఆమెను ఎవరైనా తాకితే కట్టుబట్టలతో తలకు పోసుకోవాలి, ఆ రోజు దేవుడి పని ఏదీ ముట్టకూడదు. ఈ పద్ధతులన్నీ పక్కింటి ముసలామె రామక్క దగ్గరుండి చెప్పింది. వాళ్లమ్మ లేదు కాబట్టి అన్నీ ఆమే చూసుకునేది.

కొన్ని రోజులు పోయాక ఒక సాయంత్రం వీధిలో తప్పెట మోగింది. ఆకుల సందుల్లోంచి సుంకమ్మ చెవులారా విన్నది. "రేపు పొద్దున్నే ఇంటికొక మనిషి తలకు పోసుకోని, ఒక్కపొద్దుతో, పార తీసుకోని ఈరన్న సేనికాడికి రావల్లహో. నల్లమ్మను తీసి కాల్చల్లంట. రాని ఇంటికి తప్పు కట్టిస్తారంటహో." తప్పెటవాడు అది చెప్పి, ఏమీ ఎరగనట్టు తర్వాతి వీధికి పోయాడు.

ఈరన్న సంగటి తట్ట తెచ్చి గుడిసెకు దూరంగా పెట్టాడు.

"నాయనా, తప్పెటోడు ఏమంటాండాడు?"

"ఇన్నావు గదా."

"నువ్వు ఒప్పుకొన్న్యావా?"

"ఊరంతా ఒకటైతే నేనొక్కణ్ని ఏం చేయల్ల పాపా. ఒప్పుకోకుంటే బాయికాడికి రానీమన్నారు. కూలికి పిలిసేవాళ్లుండరు. రేపు నిన్ను ఒక అయ్య చేతిలో పెట్టల్లంటే పందిట్లోకి ఎవురూ రారు."

"అమ్మను తవ్వి తీస్తారంట నాయనా."

"సచ్చిపోయింది గదా. ఆయమ్మకు తెలీదులే."

"నాకు తెలుస్తాది గదా."

ఈరన్న తుండుతో ముఖం తుడుచుకుంటూ లేచి పోయాడు. ఆయన పిరికివాడని మా అత్త ఎప్పుడూ అనదు. "ఊరికి బయపడినాడు, అంతే" అంటుంది. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకు తెలియదు, ఆమెకు తెలుసు.

తెల్లవారుజామున కోడి కూసినాక సుంకమ్మ కొడవలి చేతిలోకి తీసుకుని గుడిసెలోంచి బయటికి వచ్చింది. చేతిలో పట్టుకోవడానికి ఇంకేమీ లేక దాన్నే తీసుకుంది. దయ్యాల భయమేమీ లేదట. వాళ్లు తన కంటే ముందే వచ్చి తవ్వేసి ఉంటే, అమ్మ ముఖం ఏ రకంగా చూడాల్సి వస్తుందో అన్నదొక్కటే భయమట. చేను చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. గోరి అంటే రాళ్లు పేర్చిన చిన్న దిబ్బ, అంతే. దాని మీద వెల్లకిలా పడుకుంది.

పొద్దు పొడిచేసరికి వచ్చారు. తడి తలలతో, పారలు భుజాన వేసుకుని ఊళ్లో మిగిలిన మగవాళ్లంతా వచ్చారు. ముందు శ్రీరంగప్ప. ఆయన చెడ్డవాడు కాదని, ఆ ఏడు ఆయన ఎద్దులు కూడా మేత లేక చచ్చాయని మా మామ అంటాడు. అయి ఉండవచ్చు. మంచివాడి చేతిలో ఉన్నా పార పారే.

"ఎవురది? ఈరన్న కూతురా? గుడిసె ఇడిసిపెట్టి యాడికొచ్చినావే?"

"మాయమ్మకాడికి."

"మైల మనిషివి. ఈడికి రాకూడదు. గాలి సోకుతాది."

"సోకనీ. ఈడుండే గాలి మాయమ్మదే."

"లేయ్ పైకి. ఊరంతా వాన లేక సస్తాంది."

"సావు ముందొచ్చింది మాయమ్మకే. ఆయమ్మ బతికుండంగ బాయికాడ ఒక చేద నీళ్లు ముందు తోడుకోనిచ్చినారా మీరు? ఇప్పుడు మీకు వాన ఆయమ్మ ఇయ్యల్లనా?"

పధ్నాలుగేళ్ల పిల్ల, అదీ మైలలో ఉన్న పిల్ల, పెద్దాయన ముఖం చూసి మాట్లాడటం ఆ ఊరు అంతకు ముందు చూడలేదు. శ్రీరంగప్ప ముఖం కందిపోయింది. "లాగండ్రా దీన్ని పక్కకు" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. నువ్వు పో అంటే నువ్వు పో అని మోచేతులతో పొడుచుకున్నారు. ఎందుకో మొదట సుంకమ్మకు అర్థం కాలేదు. తర్వాత వాళ్ల తడి తలలు చూసింది. ఒక్కొక్కరూ బురద బావిలోంచి అరచెంబు నీళ్లు పట్టుకుని, నిష్ఠగా తలకు పోసుకుని వచ్చిన మనుషులు. ఆమెను తాకితే మళ్లీ పోసుకోవాలి. పోసుకోవడానికి నీళ్లు లేవు. పోసుకున్నా ఆ రోజు ఆ పార పట్టకూడదు.

"ముందే అనుకొని పోయినావా అత్తా?" అని నేను ఒకసారి అడిగాను. "యాడిది? నేను సచ్చిపోదామని పోయినాను. వాళ్లు దూరంగా నిలబడినంక తెలిసింది, నేను బతికే ఉంటానని" అంది.

సంగతి తెలిసిపోయాక ఇంక ఆమెను పట్టేవారెవరు? లేచి కూర్చుంది. "రాండి. నన్ను ముట్టుకొన్నోడే తవ్వల్ల. ఎవురొస్తారో రాండి" అంది. ఎవరైనా ఒక అడుగు ముందుకు వేస్తే తనే చెయ్యి చాపింది. చాపిన వైపు మనుషులు వెనక్కి జరిగారు. వాళ్లమ్మను ముట్టుకోకుండా జరిగినవాళ్లే వాళ్లంతా. ఆ ముట్టు ఇప్పుడు ఆమె చేతిలో కర్ర అయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఎవరేమనుకున్నా సరే.

వాళ్లల్లో తిమ్మన్న కూడా ఉన్నాడు. ఆ ఊరివాడు కాకపోయినా చచ్చినామెకు తమ్ముడని, మొదటి పోటు అతనే వేయాలని పిలిపించారు. సుంకమ్మ అతన్ని చూసింది.

"మామా, నువ్వు తెచ్చిన కొమ్మలు బాగా నీడిచ్చినాయి. ఇప్పుడు నీ చేతిలో ఏముండాదో ఒకసారి సూసుకో."

తిమ్మన్న చూసుకున్నాడు. పార కింద పెట్టలేదు. భుజాన వేసుకుని ఊరివైపు నడిచిపోయాడు.

ఎండ ఎక్కింది. ఒక్కపొద్దు మనుషులకు కళ్లు తిరిగాయి. శ్రీరంగప్పే తెలివి చెప్పాడు. "తొందరేముండాది? దీనికి తలంటు కావల్ల గదా. ఆ పొద్దు ఆడోళ్లు వచ్చి నెత్తిన పోస్తారు. పోసినంక రెక్క పట్టుకోని లాగుదాము." అందరికీ అది బాగానే తోచింది. పోయారు.

వాళ్లు అటు పోయారో లేదో తిమ్మన్న తిరిగి వచ్చాడు. ఇంటి ముందు తను కట్టిన గుడిసెను విప్పి, ఆ కొమ్మలే తల మీద మోసుకొచ్చాడు. పారతో నాలుగు మూలలా గుంతలు తీసి, గోరి మీదుగా మళ్లీ కట్టాడు. మరుసటి రోజు శ్రీరంగప్ప మనుషులు వచ్చి నిలదీస్తే, "మేనమామ గుడిసె కట్టల్లనే ఉండాది గానీ, యాడ కట్టల్లనో ఎవురూ సెప్పలేదప్పా" అన్నాడట. అతను అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఊరి మీద అంత పెద్ద మాట అన్నది లేదు.

సుంకమ్మ అక్కడే ఉండిపోయింది. రామక్క రోజూ సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి గట్టు మీద పెట్టి, దూరంగా కూర్చుని తిట్టేది. "నీ మొగం మండ, ఎండు చేపలాగ అయిపోయినావే. మీయమ్మ సూస్తే ఏడ్సును." తిట్టడం అయిపోయాక తిన్న తట్ట తీసుకుని పోయేది. రెండో నాడు ఈరన్న వచ్చాడు. కంబళి ఒకటి, నీళ్ల కుండ ఒకటి తెచ్చాడు. వంకలో ఇసుక తోడి చెలమ తీశాడట, అవి ఆ నీళ్లు. బావికి ఇక పోనవసరం లేదు అన్నాడు. కుండ దించి, కంబళి పరుచుకుని, గుడిసెకు అవతల పక్క కూర్చున్నాడు. కూతురుకు క్షమాపణ చెప్పే మనిషి కాదు ఆయన. కూర్చున్నాడు, అంతే. ఊరికి పోలేదు.

తలంటు రోజు వచ్చింది. ముత్తైదువలు పసుపు నీళ్లతో, కొత్త చీరతో చేను గట్టు దాకా వచ్చారు. వాళ్ల వెనకాల కాస్త దూరంలో మగవాళ్లు నిలబడి ఉన్నారు. సుంకమ్మ గుడిసెలోంచే చెప్పింది.

"నేను పోసుకోను."

"పోసుకోకుంటే ఎట్లనే? మైల పోవల్ల గదా."

"నాకు పోవద్దు. ఉండనీ."

ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ పిల్ల అయినా ఆ రోజు కోసం ఎదురు చూస్తుంది. మంచి చీర, పూలు, తీపి తిండి. వద్దన్న పిల్లను వాళ్లు ఎరగరు. ఒకామె చెంబు పట్టుకుని ముందుకు రాబోయింది. "నువ్వొస్తే నిన్ను కావలించుకుంటా" అంది సుంకమ్మ. ఆమె ఆగిపోయింది. బలవంతంగా పోద్దామంటే ముందు పట్టుకోవాలి. పట్టుకోవాలంటే ముందు పోయాలి. ముత్తైదువలు పసుపు నీళ్లు, చీర తీసుకుని వచ్చిన దారినే పోయారు.

అలా రోజులు గడిచాయి, వారాలు గడిచాయి. జుట్టు జడలు కట్టింది, పేలు పడ్డాయి. కట్టిన చీర రంగు పోయింది. "నా కంపుకు నాకే తల తిరిగేది, వాళ్లకెట్లుండునో" అని ఇప్పుడు నవ్వుతుంది. అప్పుడు నవ్వు రాలేదట. ఏడుపు కూడా దాచుకోలేదు. మధ్యాహ్నాలు ఎండలో ఆ రాళ్ల మీద చెంప పెట్టుకుని, నిన్ను ఎందుకు ఈ ఊరికి ఇచ్చినారమ్మా అని ఏడ్చేది. ఈరన్న వింటూ కూర్చునేవాడు. కొన్నిసార్లు ఆయన కూడా ఏడ్చేవాడు. ఇద్దరూ ఒకరినొకరు ఊరుకోబెట్టుకోలేదు.

ఊరికి నల్లమ్మ దారి మూసుకుపోయింది గనక, ఇంకో దారి వెతుక్కుంది. ఊరమ్మకు దేవర, అంటే జాతర, చేద్దామన్నారు. అది చాలా పెద్ద పని. ఇంటింటికీ దీపం ఎత్తాలి, పొట్టేళ్లను కొట్టాలి, వలసపోయినవాళ్లను కూడా పిలిపించాలి. పూజారిని రోజు పెట్టమన్నారు. పూజారి అన్నాడు, "పొలిమేర లోపల తలంటు కాని పిల్ల ఉండాది. ఆ మైల పోనిదే అమ్మ దీపం ముట్టుకోను." ఎంత బతిమాలినా ముట్టుకోనన్నాడు.

అప్పుడు శ్రీరంగప్ప మళ్లీ చేనికి వచ్చాడు. ఈసారి పారలు లేవు. గట్టు మీద కూర్చుని చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"ఏం పాపా, ఎన్నాళ్లు ఈ పంతము?"

"మీ పంతం పోయిందాక."

"సరేలే. మీయమ్మ జోలికి రాము. తలకు పోసుకో."

"కర్పూరం ఆర్పు."

మా వైపు మాట ఇవ్వడం వేరు, కర్పూరం ఆర్పడం వేరు. అరచేతిలో కర్పూరం వెలిగించి, మాట చెప్పి, పిడికిలి మూసి ఆర్పాలి. అది తప్పితే ఇంట్లో దీపం ఆరిపోతుందని భయం. పొలం తగాదాల్లో, హత్యల్లో పెద్దల మధ్య జరిగే ప్రమాణం అది. ఒక ఆడపిల్ల అడిగిందని ఆర్పినవాడు అప్పటిదాకా లేడు.

"నా మాట సాలదా నీకు?"

"సాలదు. పూడ్సుకో పో అని సెప్పింది నువ్వే. తవ్వల్ల అని వచ్చింది నువ్వే. నీ మాట వాన పడితే ఒక రకం, పడకుంటే ఒక రకం."

"ఆడదానికి ఇంత నోరు పనికిరాదు. నిన్ను ఎవుడు చేసుకొంటాడే?"

"చేసుకోకుంటే పాయ. నీ కొడుకునైతే అడగలేదు గదా."

గట్టు వెనకాల ఎవరో నవ్వారు. శ్రీరంగప్ప లేచి వెళ్లిపోయాడు. మూడు నాలుగు రోజులు రాలేదు. ఊరు ఆయన ఇంటి ముందు కూర్చుంది. దేవర ఆగిపోయింది, నీ పంతానికి మా పొట్టేళ్లు చచ్చేట్టున్నాయి అన్నారు. పిల్లను తిట్టిన నోళ్లే పెద్దాయనను తిట్టాయి. చివరికి వచ్చాడు. పూజారి వచ్చాడు, ఊరూ వచ్చింది. గోరికి ఎదురుగా నిలబడి అరచేతిలో కర్పూరం వెలిగించాడు.

"నల్లమ్మ మట్టిని ఎవురూ ముట్టుకోరు."

"నీ కొడుకుల కాలంలో?"

"నా కొడుకుల కాలంలోనూ ముట్టుకోరు."

"వాన పడకున్నా?"

అప్పటికే అరచెయ్యి కాలుతోంది. పళ్లు బిగబట్టి అన్నాడు, "పడకున్నా." పిడికిలి మూశాడు.

ఆ తర్వాత తలంటు. ముత్తైదువలు ముందుకొచ్చారు. సుంకమ్మ వాళ్లను వద్దంది. రామక్క పోయాలంది. రామక్క మొగుడు పోయి ముప్పై ఏళ్లు. విధవ చేత శుభానికి నీళ్లు పోయించకూడదని గుంపులో గొణిగారు. "ఇన్ని దినాలు నాకు బువ్వ పెట్టిన చెయ్యి అది. ఆ చెయ్యి పోస్తే పోసుకొంటా. లేకుంటే ఇట్లే ఉంటా" అంది. అప్పటికి ఊరికి ఆమెతో వాదించే ఓపిక లేదు. పొయ్యండి ఎవరైనా పొయ్యండి అన్నారు. చెలమ నీళ్లు ఒకే ఒక కుండ. రామక్క కుండ ఎత్తి పోసింది, సగం కింద పోయింది. ఆ జిడ్డు జుట్టు ఒక కుండతో ఏం వదులుతుంది? అయినా తలంటు అయిపోయినట్టే. పిల్ల పెద్దదయింది.

తర్వాత నాలుగేళ్లు సుంకమ్మ నాయనతో కలిసి ఆ చేను చేసింది. గుంటక తోలింది, కాయ పెరికింది. ఊళ్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు, పేరంటానికీ పిలవలేదు. పెండ్లి సంబంధాలు రెండు వచ్చాయి. బండి దిగి, మంచినీళ్లు తాగి, ఊళ్లో వాకబు చేసి అదే బండెక్కి పోయారు. శ్రీరంగప్ప అన్నది నిజమవుతుందేమోనని ఈరన్నకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. సుంకమ్మ మాత్రం బాగానే నిద్రపోయేది, గురక కూడా పెట్టేది. ఇప్పటికీ పెడుతుంది.

మూడోది గోరంట్ల పక్క నుంచి. ఆదెన్న అని గొర్రెల బేరానికి ఆ ఊరికి వచ్చినాయన. గొర్రెలు కొన్నాడు, ఎవరి నోటనో ఈ కథ విన్నాడు, నెల తిరక్కముందే కొడుకును వెంటబెట్టుకుని పిల్లను చూడటానికి వచ్చాడు. ఆ కొడుకే మా మామ. చాప పరిచారు, తిమ్మన్నను పిలిపించారు. సుంకమ్మ తల వంచుకునే కూర్చుంది, రామక్క ముందే ఒట్టు పెట్టించుకుంది గనక. మాటలన్నీ కుదిరాయి. తమలపాకుల తట్ట ముందు పెట్టారు. ఆదెన్న ఆకు చేతిలోకి తీసుకుని ఆగాడు.

"ఒక మాట అడగల్లనుకొన్న్యా ఈరన్నా. కోపం చేసుకోవద్దు. ఆ ఏడు మల్ల వాన పడిన్యా లేదా?"

ఈరన్న నోరు తెరవబోయాడు. సుంకమ్మ తల ఎత్తింది.

"నాయన సెప్పడు. నేను సెప్తా. పడిందంటే ఏమనుకొంటావు? ఆయమ్మ తప్పేం లేదనుకొంటావు. పడలేదంటే?"

ఆదెన్న ఈరన్న వైపు చూశాడు.

"పడలేదంటే పార తెచ్చుకొంటావా? వాన పడిందో లేదో సూసి మాయమ్మ మంచిదో కాదో సెప్పేటట్లుంటే, ఆ పొద్దు పారలు తెచ్చినోళ్లకూ నీకూ ఏం తేడా? నేను ఆడ పండుకొన్నది వాన కోసరం కాదు. మాయమ్మ కోసరం. సంబందం కావల్లంటే ఆకు ఏసుకో. వద్దంటే బండి ఈడనే ఉండాది."

రామక్క నెత్తి కొట్టుకుంది. మా మామకు అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ క్షణంలో ఈ పిల్ల కాకపోతే ఇంకెవరినీ చేసుకోకూడదని అనిపించిందట, భయం కూడా వేసిందట. ఆదెన్న చేతిలోని ఆకును కాసేపు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత సున్నం రాసుకుని నోట్లో పెట్టుకున్నాడు. బతికినన్నాళ్లూ ఆయన ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు, తన ఎదుట ఇంకొకరిని అడగనివ్వనూ లేదు.

ఈ కథ ఎక్కడ చెప్పినా చివర్లో ఎవరో ఒకరు ఆ మాట అడుగుతారు. మంచివాళ్లే అడుగుతారు. మీకూ అడగాలనే ఉంటుంది. ఆ ఏడు వాన పడిందో లేదో మా అత్తకు తెలుసు, నాకూ తెలుసు. నేను రాయను.